గొర్రెలు: సున్నా

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే ఆ బరువు దిగిపోతుంది, మిగతా కథ హాయిగా చెప్పుకోవచ్చు. మా మెట్లగూడెంలో బోడగుట్ట కింద కంచెలో బ్యాటరీల ప్లాంటు పెట్టాలని కంపెనీ సర్వే చేయించినప్పుడు, ఆ సర్వే చేసింది నేనే. పేరు గ్లోరీ. చేతిలో ట్యాబ్, మెడలో గుర్తింపు కార్డు, నెత్తిన కంపెనీ ఇచ్చిన టోపీ. మా దిక్కున కంచె అంటే ముళ్లతీగ కాదు, సర్కారు మేత భూమి. నూట పది ఎకరాలు. ఏప్రిల్ నెల ఎండలో మూడు రోజుల పాటు ఆ చివర నుంచి ఈ చివర దాకా చెమటలు కక్కుతూ తిరిగాను. ఫారంలో పద్నాలుగో ప్రశ్న, 'ఈ భూమిలో మేసే పశువులు, గొర్రెలు, మేకల సంఖ్య'. నాకు ఒక్క తోక కూడా కనబడలేదు. సున్నా కొట్టాను. సాక్ష్యంగా ఖాళీ కంచె ఫొటో కూడా పెట్టాను, అంత నిజాయితీపరురాలిని మరి.

ఊళ్లో పుట్టిన పిల్లవు, నీకు ఆ మాత్రం తెలియదా అని మీరు అడగొచ్చు. ఊరంతా అదే అడిగింది. అయిదో తరగతి నుంచి నేను గురుకులం హాస్టల్లో పెరిగాను. తర్వాత నల్లగొండలో డిగ్రీ, అదీ హాస్టల్లోనే. ఆ తర్వాత రెండేళ్లు షాద్‌నగర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. ఊళ్లో నేను నాలుగు రోజులు కుదురుగా ఉండేది ఎండాకాలం సెలవుల్లోనే. మా ఊరి మందలేమో మాఘమాసంలో బయలుదేరి సాగర్ ఆయకట్టుకు పోతాయి. కోసిన వరి మళ్లలో మేస్తాయి, రాత్రిళ్లు అక్కడి రైతుల పొలాల్లో పడుకుని ఎరువు వేస్తాయి, మిరుగం కార్తెకు తొలకరి పడే వేళకు ఇంటికి తిరిగొస్తాయి. జూన్‌లో అవి ఊళ్లోకి వచ్చేసరికి నేను హాస్టల్ బస్సెక్కేదాన్ని. పదిహేనేళ్లుగా ఒకే ఊరివాళ్లమై ఉండి కూడా నేనూ ఆ గొర్రెలూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ సున్నా పుణ్యమా అని, ప్లాంటు మ్యాపు తయారైనప్పుడు కంచె మధ్యలోని కుంట కూడా ఫెన్సింగ్ లోపలికి పోయింది. దానిని పూడ్చి చదును చేస్తారని మ్యాపు మీద ఎర్ర గీతలతో గీసి ఉంది. నాకు అప్పుడు అదేమీ పట్టలేదు. కుంటంటే ఏముంది, ఎండాకాలంలో మోకాలు లోతు ఊట నీళ్లు, నాలుగు కప్పలు అనుకున్నాను.

ప్లాంటు మాట వినగానే ఊరు రెండుగా చీలలేదు, పది రకాలుగా చీలింది. పగలు సోలార్ కరెంటును పెద్ద పెద్ద తెల్ల డబ్బాల్లో నింపి పెట్టుకుని, పొద్దు గూకినాక వదులుతారని నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. పక్కనే సబ్‌స్టేషన్ ఉంది కాబట్టి మా కంచె మీద కన్ను పడిందని కూడా చెప్పాను. రిటైరైన హెడ్మాస్టర్ రామచంద్రయ్య సార్ ఎక్కడో దేశంలో బ్యాటరీలు తగలబడుతున్న వీడియో తన ఫోన్‌లో దాచుకుని, కనబడిన ప్రతివాడికీ చూపించేవారు. చూపించి, "ఇంటర్వల్ తర్వాత ఇంకా బాగ మండుతది, చూడు" అనేవారు. కిరాణం యాదమ్మ అడిగింది ఒక్కటే ప్రశ్న.

"పొద్దుమూకి సీరియల్ టైముల కరెంట్ పోకుంట ఉంటదా, పోతదా? అది చెప్పు ముందుగాల."

"పోదు పెద్దమ్మా."

"అయితే పెట్టుండ్రి."

అందరికంటే గట్టిగా ప్లాంటు రావాలన్నది మా నాయిన ఇస్రాయేలు. జీవితమంతా కూలి చేసి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. ఊరివాళ్లకు నలభై నౌకర్లు ఇస్తారని, సర్వే బాగా చేస్తే అందులో ఒకటి నాకేనని మేనేజరు మల్లికార్జున్ సార్ నాతో అన్న మాట ఆయన చెవిన పడింది. అప్పటి నుంచి నాయిన చర్చికి పోయినా, కల్లు దుకాణం ముందు నుంచి పోయినా ప్లాంటు పాటే పాడాడు. నా బిడ్డ సొంతూళ్లో, ఇంటి అన్నం తింటూ నౌకరి చేస్తదని చెప్పి మురిసిపోయేవాడు. ఆ మురిపెం చూస్తే నాకూ కడుపు నిండేది.

మే నెల ఆఖరున సర్వే రిపోర్టును పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. జూన్ మూడున కంచెలోనే సభ, ఆర్డీవో మేడం వస్తారు, అందరి అభిప్రాయాలూ రాసుకుంటారు, ఆ రోజుతో మ్యాపు ఖరారు. సర్పంచ్ స్వర్ణక్క ఆ రిపోర్టు మొత్తం అరుగు మీద కూర్చున్నవాళ్లకు చదివి వినిపించింది. పద్నాలుగో ప్రశ్న దాకా వచ్చేసరికి విన్నవాళ్లలో గుర్వమ్మ ఉంది.

గుర్వమ్మది ఊళ్లో అన్నిటికంటే పెద్ద మంద. అరవై దాటిన మనిషి, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కోపం ముక్కు మీదే. అదే రోజు మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"ఏం బిడ్డా, కంచెల గొర్రె లేదని రాసింది నువ్వేనా?"

"అవునవ్వా. మూడు రోజులు తిరిగి చూసిన. ఒక్కటి కూడ కనబడలే."

"ఎండకాలం చూస్తె ఎట్ల కనబడ్తయి? మంద సాగర్ దిక్కు పోయింది. మా గిరిగాడు హాలియా అవుతల తిప్పుతుండు. మిరుగానికి వస్తది, వచ్చి మాఘం దాంక గీ కంచెలనే ఉంటది. నా అత్త కాలం నుంచి గంతే. నువ్వు గీ ఊళ్లె పుట్టలేదా?"

ఆమె అరుగు మీద కూలబడింది. కోపం కాస్త తగ్గాక మళ్లీ అందుకుంది.

"మంద దిగొచ్చే బాట గా కంచె నడుమ నుంచి కుంటకు పోతది బిడ్డా. కుంట లేకుంటే పగటియాల్ల మూడువందల గొర్లకు నీళ్లు యాడ తాపియ్యాలె? బోరింగ్ కాడనా? కుంట పోయిందంటే మంద అమ్ముకునుడే. మీ డబ్బాలు వద్దంటలే నేను. వడ్లు గుమ్మిల పోసుకున్నట్టు కరెంట్ పోసుకోండ్రి. నా కుంట, నా బాట ఇడ్వుండ్రి, గంతే."

నేను వెంటనే ఫోన్ తీసి మల్లికార్జున్ సార్‌కు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఒకసారి కంప్యూటర్‌లోకి ఎక్కిన అంకె దేవుడి మాట అనుకునే రకం. "గ్లోరీ, రిపోర్టు సబ్‌మిట్ అయిపోయింది. ఇప్పుడు సున్నాను మూడువందలు చేస్తే నీ సర్వే మొత్తం అబద్ధమంటారు. సభలో ఆమెను చెప్పుకోమను. ఆధారం ఉంటే చూపించమను. నువ్వు మాత్రం నోరు తెరవకు, నీ ఉద్యోగం కాగితం నా టేబుల్ మీదే ఉంది" అన్నాడు. బెదిరించినట్టు కాదు, బాగు కోరినట్టే అన్నాడు. అందుకే ఇంకా భయం వేసింది.

సాయంత్రం అన్నం తింటున్నప్పుడు నాయినకు అంతా చెప్పాను. మొదట నా మీద మండిపడ్డాడు.

"గుర్వమ్మ చెప్పిందని నౌకరి ఇడిసిపెడ్తవా? వాళ్లకు మంద ఉన్నది, భూమి ఉన్నది. మనకు ఏమున్నది, నువ్వున్నవు. సప్పుడు చెయ్యకు."

"సప్పుడు చేస్తలే నాయినా. కుంట పూడుస్తరంట, అదొక్కటే చెప్తున్న."

నాయిన చేతిలోని ముద్ద అట్లాగే ఆగిపోయింది. "గా కుంట గూడ లోపటికే పోతదా?" అని అడిగాడు.

"మ్యాపుల లోపటనే ఉన్నది."

కంచంలో నీళ్లు పోసి చెయ్యి కడుక్కుని బయటికి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

గుర్వమ్మ ఆ పూటే కొడుకు గిరికి ఫోన్ చేసింది. మంద ఉన్నపళంగా తిరిగి రావాలని చెప్పింది. అరవై కిలోమీటర్ల పైన నడక, అయిదు రోజులు పడుతుంది, ఈనిన గొర్రెలు ఉన్నాయి, ఎండలు ఇంకా తగ్గలేదు, పిల్లలు చస్తాయని గిరి మొత్తుకున్నాడట. "పిల్లలను ట్రాలీ ఆటోల ఎక్కియ్యి, ఒకటో రెండో బలహీనంగ ఉంటె భుజాన ఏస్కో. చల్లపొద్దు నడిపించు. మూడో తారీఖు పగటియాల్లకు నువ్వు ఈడ ఉండాలె" అని ఫోన్ పెట్టేసింది. మూడో తారీఖు అంటే మిరుగానికి నాలుగు రోజుల ముందు. ఆమెకు చేతనైనది అంతే. వస్తాయో రావో ఆమెకూ తెలియదు.

సభకు షామియానా వేయించే పని నాదే. రెండో తారీఖు పొద్దున టెంటువాళ్లు వచ్చి జాగా చూపించమన్నారు. కంచె అంతా రేగుపొదలు, తంగేడు, గుండ్రాళ్లు. కుర్చీలు నిలబడే చోటు లేదు. వెతగ్గా వెతగ్గా నడిమధ్యలో ఒక చోటు దొరికింది. ఇరవై అడుగుల వెడల్పు, పొడుగ్గా, చీపురు పెట్టి ఊడ్చినట్టు ఉంది. ఒక పొద లేదు, ఒక రాయి లేదు. దేవుడు మన కోసమే చదును చేసి పెట్టాడని టెంటు మేస్త్రీ సంబరపడ్డాడు. నేనూ సంబరపడ్డాను. అది అట్లా ఎందుకు ఉందని మా ఇద్దరికీ తట్టలేదు.

మూడో తారీఖు పదకొండు గంటలకు సభ మొదలైంది. మూడువందల ఎర్ర కుర్చీలూ నిండాయి. వెనక బగారన్నం, ఆలుగడ్డ కూర గంగాళాల్లో ఉడుకుతున్నాయి. వేదిక మీద ఆర్డీవో మేడం, సర్పంచ్ స్వర్ణక్క, మల్లికార్జున్ సార్. బల్లకు బంతిపూల దండలు. రామచంద్రయ్య సార్ మైకు తీసుకుని వీడియో సంగతి పావుగంట చెప్పారు. మంటల గురించి మల్లికార్జున్ సార్ బాగానే జవాబిచ్చాడు. డబ్బాకూ డబ్బాకూ మధ్య దూరం, నీళ్ల ట్యాంకులు, ఊరికి కిలోమీటరు ఎడం అన్నీ లెక్కగా చెప్పాడు. సార్ పూర్తిగా నమ్మలేదు కానీ, ఫైరింజను ఊళ్లోనే ఉంచాలని రాయించుకుని కూర్చున్నారు. చదువుకున్న పోరగాళ్లు నౌకర్ల గురించి అడిగారు. సభ కమ్మగా నడుస్తోంది.

అప్పుడు గుర్వమ్మ లేచింది. మైకు వద్దని, తన గొంతుతోనే తన బాట, తన కుంట సంగతి చెప్పింది. మల్లికార్జున్ సార్ ఓపిగ్గా విని, రిపోర్టు తెరిచి, పద్నాలుగో ప్రశ్న చదివాడు.

"గొర్రెలు: సున్నా. ఫొటో కూడా ఉంది మేడం. మీ మాట కాదనను గుర్వమ్మగారూ. ఒక్క ఆధారం ఉంటే చూపించండి."

"వస్తున్నది సారూ. నడిచి వస్తున్నది" అంది గుర్వమ్మ.

కొందరు నవ్వారు. ఆర్డీవో మేడం నవ్వలేదు. "ఈ సర్వే చేసింది ఎవరు?" అని అడిగారు.

నేను లేచి నిలబడ్డాను. మల్లికార్జున్ సార్ నా వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపాడు. నాకు ఆ టేబుల్ మీది కాగితం కళ్ల ముందు కనబడింది. అయినా నోరు ఆగలేదు.

"నేనే మేడం. తప్పు రాశాను. ఏప్రిల్‌లో చూశాను, అప్పుడు మందలు సాగర్ ఆయకట్టులో ఉంటాయి. తెలుసుకోకుండా సున్నా రాశాను."

"ఇప్పుడు మాట మారుస్తున్నావు. నీ మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా?"

"లేదు మేడం. నాకు సిగ్గేసింది, అంతే."

మేడం పెన్ను బల్ల మీద పెట్టారు. "నీ మొదటి మాటకు ఫొటో ఉంది. రెండో మాటకు ఏముంది? నేను రాయాలంటే ఏదో ఒకటి కావాలి కదమ్మా" అన్నారు. తప్పు పట్టడానికి లేదు, ఆమె ఉద్యోగం అది.

అప్పుడు వెనక వరుసలో నుంచి నాయిన లేచాడు. సభల్లో ఎప్పుడూ మాట్లాడని మనిషి. మైకు దాకా వచ్చి, దానిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మేడం, నా పేరు ఇస్రాయేలు. నాకు పదేండ్లప్పుడు గుర్వమ్మక్క అత్తగారింట్ల జీతం ఉన్న. ఎడ్లు, బర్లు కాసేటోణ్ణి. గీ కంచెలనే. ఎండల దూపయితే బాయి కాడికి పోయేది లేకుండె. బొక్కెన ముట్టనియ్యకపోదురు. దోసిలి పట్టుకొని నిలబడితె పైకెల్లి పోస్తుండ్రి, బుద్ధి పుడితె. గీ కుంట కాడ నన్ను ఎవ్వలు అడగలే, నువ్వెవనివిరా అని. బర్లు తాగినయి, గొర్లు తాగినయి, నేను తాగిన. ఎన్ని నీళ్లన్న తాగిన." మైకును ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "ప్లాంట్ రావాలె మేడం. నా బిడ్డకు నౌకరి రావాలె. గని గా కుంట పూడుస్తనంటె నేను ఒప్ప."

గుర్వమ్మ తల వంచుకుని గొంగడి కొసను వేళ్లకు చుట్టుకుంటోంది. ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా నాయిన నాకు ఈ సంగతి చెప్పలేదు.

ఆర్డీవో మేడం ఏదో అనబోతుండగా గంట చప్పుడు వినిపించింది.

ముందు ఒక మేక వచ్చింది. నల్ల మేకపోతు, మెడలో ఇత్తడి గంట, ఒక కొమ్ము విరిగింది. మందను ముందుండి నడిపించేది అదే. దాని పేరు పట్వారి అని తర్వాత తెలిసింది, ఎవరి భూమి ఎక్కడిదో దానికే తెలుసని గిరి పెట్టాడట. షామియానా గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి, నీళ్ల వాసన పట్టినట్టు మూతి పైకెత్తి, వరుసల మధ్య నుంచి తిన్నగా నడిచింది. దాని వెనక గొర్రెలు. పదులు, వందలు. ఎర్ర దుమ్ము మోసుకుని, నాలుకలు బయటపెట్టి, మే మే అంటూ. జనం కుర్చీల మీదికి ఎక్కారు. రామచంద్రయ్య సార్ ఫోన్ తీసి కొత్త వీడియో మొదలుపెట్టారు.

"మేడం, ఇది డ్రామా! కావాలని ఇటు తోలారు!" అని మల్లికార్జున్ సార్ లేచి అరిచాడు.

"ఎవలు తోలిండ్రు సారూ? తోలేటోడు ఆడున్నడు, చూడు" అని గుర్వమ్మ కర్ర చాచి చూపించింది. అంత దూరాన, గుట్ట మలుపు దగ్గర, భుజాన ఒక గొర్రెపిల్లను వేసుకుని గిరి కుంటుకుంటూ వస్తున్నాడు. "పొద్దున నుంచి నీళ్లు లేవు వాటికి. మా కొడుకు ఎనకబడ్డడు, అవి ఆగలే. మీ టెంట్ యాడ ఏస్తరో నా మేకకు ఎరుకనా? ఏసుకున్నది మీరు."

మేడం నా వైపు చూశారు. "టెంటు ఇక్కడ ఎవరు వేయించారు?"

"నేనే మేడం. ఇక్కడ పొదలు లేవని..." అంటూ కిందికి చూశాను. అప్పుడు వెలిగింది. ఆ చదునైన నేల వేదిక వెనక నుంచి కూడా అట్లాగే, అదే వెడల్పుతో, కుంట వైపు సాగిపోతోంది. దేవుడు కాదు, డెక్కలు ఊడ్చిన నేల. వందేళ్లుగా మందలు తొక్కీ తొక్కీ రాయి కూడా మిగలని బాట. కంచె మొత్తంలో వెతికి వెతికి, సరిగ్గా దాని మీదే నేను టెంటు వేయించాను. "మేడం, ఇదే బాట! మనం బాట మీదే కూర్చున్నాం!" అని గట్టిగా అరిచేశాను.

సభ గొల్లున నవ్వింది. మేడం చెయ్యి ఎత్తి అందరినీ ఆపారు. "మల్లికార్జున్ గారూ, మీ గార్డులతో ఒక పని చేయించండి. వాటిని అటు పక్కకు మళ్లించమనండి. మళ్లితే మీ మాట నిజం" అన్నారు.

నలుగురు గార్డులు కర్రలు పట్టుకుని, కుర్చీలు అడ్డం పేర్చి, హోయ్ హోయ్ అని అదిలించారు. పట్వారి వాళ్లను పట్టించుకోలేదు. కుర్చీల పక్కగా వంగి, టెంటు గుంజ చుట్టూ తిరిగి, వేదిక దాటగానే మళ్లీ అదే గీత మీదికి వచ్చింది. గొర్రెలన్నీ దాని వెనకే. ఒక గార్డు గుంపు మధ్యలో ఇరుక్కుపోయి, గొర్రెలతో పాటే కుంట వైపు కొట్టుకుపోయాడు. మందలో చివర నడుస్తున్న ముసలి గొర్రె ఒకటి మాత్రం ఆగి, మేడం బల్లకున్న బంతిపూల దండను ఒక కొస నుంచి తాపీగా నమలడం మొదలుపెట్టింది. మేడం దాని నోట్లోంచి దండ లాక్కోలేదు. చెప్పులు సరిచేసుకుని, వేదిక దిగి, మంద వెనకే నడిచారు. ఆమె వెనక ఊరంతా నడిచింది.

కుంట దగ్గర మూడువందల మూతులు నీళ్లలో ఉన్నాయి. తాగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. ఒడ్డున ఉన్న నల్లబండ అంచు గిన్నెలాగా అరిగిపోయి ఉంది. మేడం వంగి, ఆ నునుపును చేత్తో తడిమి చూశారు. మల్లికార్జున్ సార్ కూడా చూశాడు. ఆయన మొహంలో మొదటిసారి సందేహం కనబడింది. గిరి అప్పుడే చేరుకుని, భుజం మీది పిల్లను దింపి తల్లి దగ్గర విడిచాడు. దారిలో ఒక్క పిల్ల కూడా చావలేదని అమ్మతో చెప్పాడు. గుర్వమ్మ వాడి దుమ్ము తలను కొంగుతో తుడిచి, ఏడ్చేసింది.

"రాసుకోండి" అన్నారు మేడం, తన గుమాస్తాతో. "కుంట, దాని చుట్టూ రెండెకరాలు, ఈ బాట నలభై అడుగుల వెడల్పున ఊరి వైపు నుంచి గుట్ట దాకా, ప్లాంటు మ్యాపు నుంచి తీసేయాలి. తూర్పు వైపు రాళ్లగడ్డ ఖాళీగా ఉంది కదా మల్లికార్జున్ గారూ, డబ్బాలు అటు జరుగుతాయా?"

ఆయన మ్యాపు విప్పి, గుట్టను చూసి, మళ్లీ మ్యాపు చూసి, గడ్డం గోక్కున్నాడు. "జరుగుతాయి మేడం. నిజం చెప్పాలంటే, అంత బరువుకు రాతినేలే మంచిది. ఇటు ఎలాగూ కుంట ఊట తగులుతుంది. ముందే చూడాల్సింది" అన్నాడు. ఊరు చప్పట్లు కొట్టింది. నాయిన మోకాళ్ల నొప్పి మరిచిపోయి ఎగిరి ఈల వేశాడు. ఆయనకు ఈల వేయడం వచ్చని కూడా నాకు ఆ రోజే తెలిసింది.

తర్వాత ప్లాంటు వచ్చింది. తెల్ల డబ్బాలు రాళ్లగడ్డ మీద వరుసగా నిలబడ్డాయి. ఊళ్లో నలభై కాదు, నలభై మూడు నౌకర్లు వచ్చాయి, అందులో ఒకటి నాదే. తప్పు రాశానని సభలో ఒప్పుకున్న మనిషి రాసిన రిపోర్టును ఎవరూ అనుమానించరని మల్లికార్జున్ సార్ స్వయంగా సంతకం పెట్టాడు. రెండు ఫెన్సింగుల నడుమ నుంచి పట్వారి రోజూ మందను తీసుకుపోతుంది. యాదమ్మ సీరియల్ ఆగలేదు. ఇవన్నీ బాగున్నాయి. కానీ నేను తలచుకుని మురిసేది మాత్రం ఆ రోజు కుంట ఒడ్డున జరిగిన చివరి సంగతి.

కొత్త ఫారం అక్కడికక్కడే నింపమన్నారు మేడం. నేను నల్లబండ మీద కూర్చుని ట్యాబ్ తెరిచాను. పద్నాలుగో ప్రశ్న దగ్గర సున్నా చెరిపి, గిరి చెప్పిన లెక్క ప్రకారం మూడువందల పన్నెండు అని కొట్టాను. కింద ఇంకో గడి ఉంది, 'ఈ నీటి వనరును వాడుతున్నవారి పేర్లు'. మొదటిసారి దానిని ఖాళీగా వదిలేశాను.

"అవ్వా, నీ పేరు రాస్తున్న" అన్నాను.

గుర్వమ్మ కర్ర అడ్డం పెట్టి ఆపింది. దూరంగా నిలబడి గొర్రెలను చూస్తున్న మా నాయిన వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకుంది.

"నాది ఎనక రాద్దువు తీ బిడ్డా. మొదలు మీ నాయిన పేరు రాయి. నేను గీ ఊరికి కోడలుగ రాకముందే ఆయన గీ నీళ్లు తాగిండు."

నాయిన విన్నాడు. దగ్గరికి వచ్చాడు. ఆమె కొంచెం జరిగి బండ మీద చోటిచ్చింది, ఆయన కూర్చున్నాడు. నేను పేరు కొట్టాను.

"ఇంగ్లీషుల రాసినవా, తెలుగులనా?" అని అడిగాడు నాయిన.

"తెలుగుల."

"సదువు."

"ఒకటి, ఇస్రాయేలు" అని చదివాను.

"మల్లొక్కసారి సదువు" అన్నాడు.